నీళ్ళ అడుగున విప్పిన ముళ్ళు

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. షోలాపూర్ దాజీ పేట్‌లో మా గల్లీ ఆడవాళ్ళం ఒకచోట కూర్చుని బీడీలు చుట్టేటప్పుడు ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. బావి గట్టున తెల్లచీర కనిపించిందని ఒకామె, మూతపడ్డ మిల్లులో గజ్జెలు మోగాయని ఇంకొకామె. "ముందుగాల ఆకు ఎండిపోతున్నది, చుట్టుండ్రి. దయ్యం వచ్చి మీ కట్టలు కడుతదా?" అనేదాన్ని. అందరూ నవ్వేవారు. కథ అక్కడికే ఆగేది.

ఇప్పటికీ నా మాట అదే. పని లేనివాళ్ళకే దయ్యాలు కనిపిస్తాయి. నాకు ఏనాడూ పని లేకుండా లేదు.

అయినా ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. నా చదువు రెండో తరగతితో ఆగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తాను. నేను కళ్ళతో చూసినది, చేత్తో పట్టుకున్నది నాదిగా రాస్తాను. వేరేవాళ్ళు చెప్పింది వాళ్ళు చెప్పారనే రాస్తాను.

ఎనభైల చివరి మాట. మా ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. మాకు ఒక్కడే కొడుకు, శీను. వాళ్ళ నాన్న చేమగ్గం మీద బతికాడు, ఆయన పోయాక ఇంటి బట్ట ఆ మగ్గం మీద నేనే నేసేదాన్ని. వీడు కరెంటు మగ్గం మీద. దాన్ని మేం సాంచా అంటాం. ఆ ఏడాది సాంచాలు రోజు విడిచి రోజు ఆగిపోసాగాయి. నూలు ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే నూలు రాదు. పెళ్ళీడు కొడుకు పొద్దంతా గడపలో కూర్చుని గోడ చూస్తుంటే ఏ తల్లి ఓర్చుకుంటుంది?

శీనుతో పాటు సాంచా నడిపే మారుతి అనే మరాఠీ అతను ఉండేవాడు. మా గల్లీలో ఉండి ఉండి తెలుగు మాటలు నేర్చాడు. నన్ను మావ్‌శీ అని, అంటే పిన్నీ అని పిలిచేవాడు. సహ్యాద్రి కొండల్లో ఒక పెద్ద డ్యామ్ ఒడ్డున వాళ్ళ ఊరు. పని లేక అతను ఊరికి పోయి చేపలు పట్టడం మొదలుపెట్టాడు. పోతూ పోతూ మా వాడిని కూడా వెంట రమ్మన్నాడు.

నేను వద్దన్నాను. చేపల పని తక్కువదని కాదు. "నీకు ఈత వస్తదారా?" అని అడిగాను.

"ఏడ నేర్చుకుంటనే అమ్మా? నల్లా కింది బకెట్లనా?" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వాడన్నది నిజమే. మా షోలాపూర్‌లో నల్లా వచ్చిన రోజే పండగ. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడిగి, ఆ నీళ్ళు వాకిట్లో చల్లే ఇంట్లో పెరిగినవాడు. వాడికి నీళ్ళంటే మోకాలి దాకా కూడా తెలియదు. అయినా పోయాడు.

ఎండలు ముదిరే వేళకు ఒకసారి ఇంటికి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు కానీ ముఖంలో కళ వచ్చింది. కడుపు నిండా తిన్నాడు. భుజం మీద చిరిగిన వల. నీళ్ళలో మునిగిన చెట్లకు తగిలి చిరిగిందట. నైలాన్ వల, కొత్త నైలాన్ దారం కొని కడతానన్నాడు. దుప్పట్లు నేయగా మిగిలిన ఎర్ర నూలు ఇంట్లో ఉండగా దారం కొనడం ఏమిటి? మూడు పేటలు కలిపి పేని, చిరుగులన్నీ ఆ నూలుతోనే కట్టాను.

అంతటితో ఊరుకోలేదు. నూలుకు గంజి పెట్టకుండా వాడింది మా ఇంట్లో ఎవరూ లేరు. అన్నం వార్చిన గంజి పలచన చేసి వల మొత్తానికీ పట్టించాను. పడుగు చాపినట్టే గల్లీలో ఈ కొస నుంచి ఆ కొసకు చాపి ఆరబెట్టాను.

ఎదురింటామె గడపలో నిలబడి, "నర్సక్కా, గీ చీరె ఎవలికే?" అంది.

"నీకే. కట్టుకుంటే మంచిగ కనబడుతవ్," అన్నాను.

ఈసారి వాడితో నేనూ బయల్దేరాను. చూసి, నచ్చకపోతే కొడుకును చెవి పట్టుకుని వెనక్కి తేవాలని నా ఉద్దేశం. ఆ మాట వాడికి చెప్పలేదు.

బస్సు ఘాట్ ఎక్కి ఒక మలుపు తిరిగేసరికి నీళ్ళు కనిపించాయి. నీలిమందు తొట్టి మూత తీసినట్టు అంత ముదురు నీలం. కొండల మధ్య అరచెయ్యి చాపి పెట్టినట్టు ఉంది. ఒక్కో వేలు ఒక్కో లోయలోకి పోయింది. ఒక్కో వేలి చివర కొండ మీది నుంచి వాగు వచ్చి కలుస్తుంది. ఎండాకాలం నీళ్ళు దిగిపోయాయి కాబట్టి చుట్టూరా ఎర్రమట్టి బయటపడి చీర అంచులా కనిపించింది. అంచు పైన పచ్చటి అడవి, కింద నీళ్ళు.

చెరువులాగా మెల్లగా లోతయ్యే నీళ్ళు కావు అవి. ఒడ్డున రెండడుగులు వేస్తే కింద నేల ఉండదు. కొండ ఎట్లా దిగుతుందో నీళ్ళ కింద కూడా అట్లానే దిగుతుంది. మారుతి ఒకసారి తాడుకు రాయి కట్టి నడుమ వదిలితే తాడు అయిపోయింది కానీ రాయి నేల తాకలేదని చెప్పాడు. నేను ఒడ్డు నుంచి రెండడుగులు వెనక్కి వేశాను. పైకి మాత్రం, "ఇంత నీళ్ళు ఇక్కడ పెట్టుకుని మాకు నల్లాల గాలి పంపుతున్నరు," అన్నాను.

మారుతి తల్లి గుడిసె ఒడ్డుకు దగ్గర. ముసలామె. తెలుగు రాదు, నాకు మరాఠీ వచ్చు. నా వలను చేతిలోకి తీసుకుంది. గంజికి అప్పడంలా పెళపెళలాడుతోంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మావ్‌శీ, వలకు గంజి పెట్టినవా? ఇస్త్రీ గూడ చెయ్యకపోయినవా?" అన్నాడు మారుతి.

"నువ్వు కట్టే లుంగీకి పెడితే నవ్వవు గద," అన్నాను.

మర్నాడు పొద్దున వల తీస్తే అందరి వలల కంటే మా వలకే ఎక్కువ పడ్డాయి. గంజి వాసనకు చిన్న పరక చేపలు చేరాయి, వాటి కోసం పెద్దవి వచ్చాయి. ఒడ్డున నవ్వినవాళ్ళే సాయంత్రానికి, మీ ఇంట్లో గంజి మిగిలిందా బాయీ అంటూ వచ్చారు.

అక్కడ ఉన్నన్నాళ్ళు మారుతి తల్లి పక్కన కూర్చుని ఆ నీళ్ళ సంగతులు విన్నాను. పొద్దున చల్లగా ఉండగా చేపలు వాగు మూతుల దగ్గరికి, పైకి వస్తాయట. ఎండ ఎక్కేకొద్దీ కిందికి, చల్లటి నీళ్ళలోకి దిగిపోతాయట. కానీ అడుగుదాకా పోవు. అడుగున చల్లదనం ఉంటుంది కానీ ఊపిరి ఉండదంది. పైన వేడి, కింద చీకటి, నడుమ ఒక వరుసలో బతుకుతాయి. రాళ్ళ సందుల్లో వాలుగలు. నడినీళ్ళలో బొచ్చెలు. తొలకరికి వాగు ఎర్రబడి దిగగానే, అక్కడివాళ్ళు ఖడస్ అనే పెద్ద పొలుసుల చేప ఆ ఎర్రనీళ్ళకు ఎదురెక్కుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చేపలు ఉండేది మునిగిన చెట్ల దగ్గర. డ్యామ్ కట్టినప్పుడు కొట్టకుండా వదిలేసిన చెట్లు నీళ్ళ కింద అట్లనే నిలబడి ఉన్నాయి. ఆకులు లేవు, కొమ్మలున్నాయి. కొమ్మలకు పాచి, పాచికి చిన్న చేపలు, వాటి నీడలో పెద్దవి. వల వేస్తే అక్కడే వేయాలి. చిరిగేదీ అక్కడే.

ఆ చెట్ల పక్కనే డ్యామ్ రాకముందు వాళ్ళ పాత ఊరు ఉండేదని మారుతి తల్లి చెప్పింది. ఆ నీళ్ళ అరచేతిలో చూపుడు వేలులా ఉన్న లోయలోనే ఆమె కాపురానికి వచ్చిన ఇల్లు. ఆమె ఏడవలేదు. "మా పొయ్యి మీద ఇప్పుడు చేపలు వంట చేసుకుంటున్నాయి," అంది.

అక్కడి గాలి నాకు పడింది. కొడుకు తింటున్నాడు, నవ్వుతున్నాడు. వెనక్కి తెచ్చే మాట మెల్లగా పక్కకు పెడుతూ వచ్చాను. అప్పుడే ఇది జరిగింది.

పొద్దున మంచు విడిపోయి ఎండ పడుతోంది. శీను, మారుతి పుట్టి వేసుకుని వల తీయడానికి పోయారు. గుండ్రటి బుట్టలాంటి పడవ అది, కొంచెం ఒరిగితే తిరుగుతుంది. నేను ఒడ్డున బండ మీద కూర్చుని చూస్తున్నాను. వాళ్ళ మాటలు వినిపించేంత దగ్గర.

వల చెట్టుకు తగులుకుంది. మా వాడు లేచి నిలబడి రెండు చేతులతో గుంజాడు. "కూసోరా!" అని నేను అరవడం, పుట్టి ఒరగడం, వాడు నీళ్ళలో పడడం ఒక్కసారే అయ్యాయి. వాడితో పాటు సగం వల కూడా పోయింది.

ఒక్కసారి చెయ్యి పైకి వచ్చింది. చేతి నిండా వల. మళ్ళీ కనిపించలేదు.

మారుతి పుట్టిలో పడుకుని తాడు గుంజుతున్నాడు. తాడు కదలడం లేదు, కింద చెట్టు పట్టుకుని ఉంది. గుంజినకొద్దీ వల బిగుస్తుందని తెలిసి వదిలాడు, వదిలితే మనిషి పోతాడని మళ్ళీ పట్టుకున్నాడు. "శీన్యా! అరే శీన్యా!" అని ఒకటే కేక. వేరే పడవలు దూరంగా ఉన్నాయి. నేను నీళ్ళలోకి దిగాను. రెండో అడుగుకే నేల లేదు. మారుతి తల్లి నా కొంగు పట్టి వెనక్కి లాగింది.

రెండు మూడు బీడీలు చుట్టేంత సేపు. అంతకంటే చెప్పలేను. నీళ్ళు మళ్ళీ నున్నగా అయిపోయాయి. ఆ నునుపు నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

అప్పుడు పుట్టికి దూరంగా, ఒడ్డు వైపు, ఎండిన కొమ్మ ఒకటి నీళ్ళ పైకి ఉన్న చోట, వాడి తల పైకి వచ్చింది. కొమ్మ పట్టుకుని దగ్గుతున్నాడు. ఒంటి మీద వల పోగు ఒక్కటి లేదు.

మారుతి పుట్టి తిప్పి వాడిని ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చాడు. మారుతి తల్లి వాడిని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించింది. నేను వాడి వీపు మీద ఒక్కటి వేశాను. "కూసోమంటే ఇనవు! తువ్వాల ఏదిరా? మొన్ననే గద నేసి ఇచ్చిన!" అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక తువ్వాల అడిగాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తువ్వాల పోతే పోయింది.

నోట మాట వచ్చాక వాడు చెప్పింది ఇది. పైన నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కొంచెం దిగగానే చలి, దాని కింద చీకటి. చేతులు కాళ్ళు వలలో బిగిసిపోయాయి. అయిపోయింది అనుకున్నాడు. అప్పుడు ఎదురు రొమ్ము దగ్గర నుంచి వల వదులవుతూ వచ్చింది.

"మారుతి దుంకి వచ్చిండనుకున్ననే. చాకుతోటి కోస్తలేడు. వల కన్ను ఒక్కొక్కటి ఇప్పుతున్నడు. ఎడమ దిక్కు నుంచి వరుసగ. పడుగు మీద పోగులు ఏరినట్టు," అన్నాడు.

"నేను పుట్టి దిగలే," అన్నాడు మారుతి. నిజమే. వాడి అంగీ ముంజేతుల దాకానే తడిసి ఉంది. నేను కూడా చూస్తూనే ఉన్నాను.

భయంలో మనిషికి ఏమైనా తోస్తుందని అప్పుడు నేను అనుకున్నాను. ఆ మాట అన్నాను కూడా. "అన్నం తిని పండుకో, అన్నీ సక్కగైతయి," అన్నాను.

ఎండ వాలేటప్పటికి వేరే పడవలవాళ్ళు సాయం వచ్చి, చెట్టు కొమ్మ విరిచి వల పైకి తెచ్చారు. మారుతి అన్నాడు, "మావ్‌శీ, నువ్వు ఎర్ర నూలుతోటి కట్టిన కతుకులే తెగినయి. నూలు నానితే ఆగుతదా? నీ పొదుపే నీ కొడుకును బతికించింది."

ఆ మాట నాకూ నచ్చింది. నచ్చింది కాబట్టే నిజమో కాదో చూడాలనుకున్నాను. వలను బండ మీద పరచి కొస నుంచి కొసకు వెతికాను. నా ఎర్ర కతుకులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కటి తెగలేదు, ఒక్కటి జారలేదు.

మనిషి దూరేంత ఖాళీ వేరేచోట ఉంది. అసలు చిరగని చోట, నేను చెయ్యి పెట్టని తెల్ల నైలాన్‌లో. వలకు వేసే ముళ్ళు నీళ్ళలో బిగిసి రాయిలా అవుతాయి. పళ్ళతో పీకినా రావు. పైగా ఎక్కడో ఒకచోట దారం తెంపితే తప్ప వల ముడి విప్పడానికి రాదు. అక్కడ ముళ్ళన్నీ విప్పి ఉన్నాయి. తెగిన కొస ఒక్కటి లేదు. దారం పొడవునా వేళ్ళతో జారుస్తూ పోయాను. నా వేళ్ళు అబద్ధం చెప్పవు, చిన్నప్పటి నుంచి అవి పట్టుకున్నది దారమే.

చేప కొరికితే తెగుతుంది. కొమ్మ గుంజితే చిరుగుతుంది. విప్పేది చెయ్యి ఒక్కటే.

అదీ కాక ఇంకొకటి ఉంది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మగ్గం మీద బట్ట అయిపోయాక కోసి తీసేటప్పుడు, వెనక మిగిలిన పడుగు పోగులను మేం ఊరికే వదలం. వదిలితే పోగులు దూర్చిన అచ్చులోంచి జారిపోయి చిక్కుపడతాయి. పిడికెడు పిడికెడు కూడదీసి, ఒక్కో పిడికెడుకు ఒక జారుముడి వేస్తాం. వచ్చే పడుగును వాటికే అతుకుతాం. నేసేవాళ్ళకు తప్ప ఈ అలవాటు ఎవరికీ ఉండదు. చేపలు పట్టేవాళ్ళకు దీంతో పని లేదు.

ఆ ఖాళీ చుట్టూ విప్పిన దారం వేలాడుతూ లేదు. పిడికెడు పిడికెడు కూడదీసి, ఒక్కోదానికి జారుముడి వేసి, వరుసగా సర్ది ఉంది.

నేను వెయ్యలేదు. శీను, మారుతి సాంచా మీద పని చేసేవాళ్ళు, వాళ్ళకు ఆ ముడి రాదు. ఆ ఒడ్డున నేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. నాకు మొదట తట్టింది మా ఆయనే. కొడుకు కోసం వచ్చాడేమో అనుకున్నాను. ముడిని దగ్గరగా పెట్టి చూశాను. మా ఆయన వేస్తే ఉచ్చు కుడికి ఉండేది. ఇవి అన్నీ ఎడమకు ఉన్నాయి. ఆయన పిడికెడు పెద్దది. ఇవి నా పిడికిలి కంటే కూడా చిన్నవి. ఆయనే అనుకోవాలని చాలా చూశాను. ఆయన కాదు.

మారుతి తల్లిని అడిగాను, మునిగిపోయిన మీ ఊళ్ళో నేతపని వాళ్ళెవరైనా ఉండేవారా అని.

"లేదు బాయీ. వరి పండించుకునేవాళ్ళం, గొర్లు కాసుకునేవాళ్ళం. బట్ట అంతా సంతలో కొన్నదే. మా ఊళ్ళో మగ్గం చప్పుడే లేదు," అంది. మళ్ళీ తనే, "మా ఊరికంటే ముందు ఎవరుండేవారో నాకేం తెలుసు?" అని లేచి పొయ్యి రాజేసింది.

 

కొడుకును చెవి పట్టుకుని తీసుకొస్తాననుకున్నారా? తేలేదు. ఎందుకో ఆ నీళ్ళంటే నాకు భయం పోయింది. కానీ ఒక షరతు పెట్టాను. "ఈత నేర్చుకునేదాక పుట్టి ఎక్కినవంటే కాళ్ళు ఇరగ్గొడుత," అన్నాను. మారుతి తల్లి ఎండిన సొరకాయలు వాడి నడుముకు కట్టి నీళ్ళలోకి తోసింది. తాగాల్సిన నీళ్ళు తాగి, నేర్చుకున్నాడు.

వల మిగతా భాగం పనికొచ్చింది, వాడుకున్నారు. ఆ ముళ్ళున్న ముక్క మాత్రం కోసి ఇంటికి తెచ్చుకున్నాను. మా రేకు పెట్టెలో ఉంది. ఎందుకూ పనికిరాని వస్తువు నా ఇంట్లో పెట్టుకున్నది అదొక్కటే.

అక్కడి నుంచి వచ్చే ముందు ఒక పని చేశాను. మారుతి పుట్టిలో కూర్చుని ఆ చెట్ల దగ్గరికి పోయాను. మా ఆయన మగ్గానికి వాడిన చెక్క కండె ఒకటి నా సంచిలో ఉండేది. దాని నిండా మంచి నూలు, గంజి పెట్టింది, బిగువుగా చుట్టి నీళ్ళలో వదిలాను. నేను ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చే మనిషిని కాను. కానీ చేసిన పనికి ఇవ్వాలి కదా. ఆ కండె కాసేపు తేలింది, నూలు నానగానే మునిగింది.

మరుసటి ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు, ఎర్రమట్టి అంచు మీద మారుతి తల్లికి కండె దొరికింది. శీనుతో పంపింది. మా కండెనే, మొదలు దగ్గర మా ఆయన కాల్చి పెట్టిన గుర్తు ఉంది. నూలు లేదు. నాని ఊడిపోయి ఉంటుంది, పరకలు గంజి కోసం పీకి ఉంటాయి. నేను కూడా అదే అంటాను. కానీ నాని ఊడితే మొదట్లో ఒక చుట్టో రెండు చుట్లో మిగులుతాయి. ఈ కాలం పిల్లలు కండె వాడినా అంతే, ఆఖరి చుట్లు వదిలేసి పారేస్తారు. ఈ కండె మీద ఒక్క చుట్టు కూడా మిగల్లేదు. ఆఖరి పోగు దాకా వాడి ఉంది, నేను వాడినట్టు.

ఇప్పుడు శీనుకు పెళ్ళయింది, ఒక ఆడపిల్ల. సాంచాలు నడిచే రోజుల్లో ఇక్కడ, నడవని రోజుల్లో అక్కడ. మనవరాలికి నాలుగేళ్ళు నిండకముందే ఈత వచ్చింది. దాజీ పేట్‌లో ఈత వచ్చిన ఆడపిల్ల అదొక్కతే అయి ఉంటుంది.

నీళ్ళ కింద ఎవరున్నారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అందదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు దయ్యమే అంటారు. నేను ఒప్పుకోను. దయ్యానికి అంత పొదుపు ఎక్కడిది?

ఆ కండెకు మళ్ళీ నిండా నూలు చుట్టి, గంజి పెట్టి, ఆ చెట్ల దగ్గరే వదలమని శీను చేతికి ఇచ్చి పంపాను.